పాత తీగలతో ఇంటొనేషన్ కుదరదు: శాడిల్ తిప్పే ముందు తీగని పరీక్షించండి

ఇంటొనేషన్ అంటే ఏ ఫ్రెట్ (మెడ మీది అడ్డ కడ్డీ) దగ్గర నొక్కినా స్వరం సరైన శ్రుతిలో పలకడం. మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఒంగోలులో చర్చి క్వైర్‌లో వాయిస్తారు. స్ట్రాట్ తరహా ఎలక్ట్రిక్ గిటార్, 9-42 సెట్ (సన్న తీగ 0.009, లావు తీగ 0.042 అంగుళం), తీగలు వేసి అయిదు నెలలు దాటింది. ఓపెన్ తీగలన్నీ (ఏ ఫ్రెట్టూ నొక్కకుండా) ట్యూనర్లో పచ్చలైటు చూపిస్తాయి. 7వ ఫ్రెట్ దాటి కార్డు పడితే మాత్రం కీబోర్డుతో కలవదు. ఆరో తీగ 12వ ఫ్రెట్ దగ్గర 11 సెంట్లు ఎక్కువ చూపిస్తుంటే శాడిల్‌ని (బ్రిడ్జి మీద తీగ ఆనే చిన్న ముక్కని) వెనక్కి తిప్పారు. 7కి దిగింది, అక్కడితో స్ప్రింగు పూర్తిగా నలిగిపోయి స్క్రూ ఇక తిరగడం లేదు. బ్రిడ్జి మార్చాలా, గిటారే మార్చాలా అన్నది ప్రశ్న.

రెండూ వద్దు, తీగలు మార్చండి. ఇప్పుడు ఆ బ్రిడ్జి మీద మీరు తిప్పే ప్రతి చుట్టూ, కొత్త తీగలు వేశాక మళ్ళా వెనక్కి తిప్పుకోవాల్సిందే.

సెంటు లెక్క కొత్తవాళ్ళకి: మన వైపు ఎకరాకి వంద సెంట్లున్నట్టే, ఒక ఫ్రెట్‌కీ పక్క ఫ్రెట్‌కీ మధ్య వంద సెంట్లు. 2, 3 సెంట్ల తేడా బ్యాండులో ఎవరికీ వినపడదు. 7, 8 దాటితే కీబోర్డు ఆర్గాన్ టోన్‌లో స్వరం పట్టి ఉంచినప్పుడు అలలు అలలుగా కొట్టుకోవడం స్పష్టంగా తెలుస్తుంది.

తీగ శ్రుతిని తేల్చేవి మూడు: పొడవు, బిగువు, బరువు. గిటార్ తల దగ్గర కీ తిప్పితే బిగువు మారుతుంది, శాడిల్ జరిపితే పొడవు మారుతుంది. బరువు మన చేతిలో లేదు. అయితే ఫ్రెట్లు కొట్టిన లెక్కంతా ఒక నమ్మకం మీద నిలబడి ఉంది. తీగ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే బరువుతో ఉంటుందన్నదే ఆ నమ్మకం. 12వ ఫ్రెట్ దగ్గర నొక్కితే సగం తీగ మోగుతుంది కాబట్టి ఒక స్థాయి పైకి పోతుంది అంటున్నామంటే, ఆ సగం ఈ సగంలాంటిదే అనుకుంటున్నాం గదా. పాతబడ్డ తీగలో ఆ పోలిక పోతుంది.

లెక్క చూడండి. ఎడమ చేతి వేళ్ళు తిరిగేది ఎక్కువగా నట్ (తల దగ్గర తీగలు ఆనే గాళ్ళ పట్టీ) వైపు సగంలోనే. చెమట, చర్మం జిడ్డు, దుమ్ము కలిసి చుట్టు సందుల్లో ఇరుక్కుని ఆ సగం బరువు ఒక్క శాతం పెరిగిందనుకోండి. మొత్తం తీగకి అది అర శాతం. ఓపెన్ తీగ శ్రుతి దిగుతుంది, మీరు కీ బిగించి సరిచేస్తారు. ఇప్పుడు 12వ ఫ్రెట్ నొక్కితే మోగేది బ్రిడ్జి వైపు సగం, అంటే శుభ్రంగా, తేలిగ్గా ఉన్న సగం. బిగువేమో బరువెక్కిన తీగకి సరిపోయేటట్టు పెంచి ఉంది. ఫలితం 4 సెంట్లకు పైగా ఎక్కువ. ఒక్క శాతానికే ఇంత. చాలామందికి పాత తీగలు షార్ప్ (శ్రుతి ఎక్కువ) వైపు పోయేది ఇందుకే. అరచేతిని బ్రిడ్జి మీద ఆనించి పామ్ మ్యూట్ బాగా వాయించేవాళ్ళ తీగలు ఆ వైపు తుప్పు, మురికి పట్టి బరువెక్కుతాయి. వాళ్ళకి ఫ్లాట్ (శ్రుతి తక్కువ) కూడా కావచ్చు. ఒకే గిటార్ మీద ఒక తీగ షార్ప్, ఇంకొకటి ఫ్లాట్ అవుతుంటే కంగారు పడొద్దు, పాత సెట్‌లో అది మామూలే.

మురికి ఒక్కటే కాదు. చుట్టు ఉన్న తీగలు (4, 5, 6) ఫ్రెట్ తగిలే చోటల్లా అడుగున చదునైపోతాయి, అక్కడ చుట్టు వదులవుతుంది. సాదా తీగలకి (1, 2, 3) ఫ్రెట్ గాట్లు పడతాయి, తుప్పు చుక్కలు లేస్తాయి. బెండ్లు ఎక్కువ లాగేవాళ్ళ మూడో తీగ అన్నిటికంటే ముందు పోతుంది.

మీ తీగ పోయిందో లేదో తేల్చుకోవడానికి మూడు పరీక్షలున్నాయి. మొదటిది వేలితో. చూపుడువేలి కొనని తీగ అడుగున పెట్టి నట్ నుంచి బ్రిడ్జి దాకా మెల్లగా లాగండి. ఫ్రెట్ల మీదికి వచ్చినప్పుడల్లా చిన్న గాడి తగిలితే ఆ తీగ పని అయిపోయింది. పైన మెరుస్తున్నా సరే, అడుగే చూడాలి.

రెండోది హార్మోనిక్. ఓపెన్ తీగని మెత్తగా మీటి, రెండు క్షణాలు ఆగి, ముల్లు నిలిచాక ట్యూనర్లో సున్నాకి తెచ్చుకోండి. గట్టిగా మీటితే మొదట్లో శ్రుతి పైకి పోయి దిగుతుంది, ఆ రీడింగు నమ్మకూడదు. తర్వాత సరిగ్గా 12వ ఫ్రెట్ కడ్డీ పైన తీగని తాకీతాకనట్టు ముట్టి మీటి హార్మోనిక్ చూడండి. ఓపెన్‌కీ హార్మోనిక్‌కీ శాడిల్‌తో గానీ ఫ్రెట్‌తో గానీ సంబంధం లేదు, తీగ పొడవు రెండింటికీ ఒకటే. కాబట్టి రెండూ ఒకే గుర్తు దగ్గర నిలవాలి. 3 సెంట్లు, అంతకన్నా ఎక్కువ తేడా వస్తే తప్పు తీగదే. కారణం ఏందంటే, ఓపెన్‌లో తీగ ఎక్కువగా ఊగేది మధ్యలో, హార్మోనిక్‌లో అదే చోటు కదలకుండా ఉంటుంది. అక్కడ పేరుకున్న బరువు ఓపెన్‌ని కిందికి లాగుతుంది, హార్మోనిక్‌ని లాగదు. చాలామంది 12వ ఫ్రెట్ నొక్కిన స్వరాన్ని హార్మోనిక్‌తో మాత్రమే పోల్చి శాడిల్ జరుపుతారు. పాత తీగ మీద ఆ హార్మోనిక్కే అబద్ధం చెబుతుంటే, మీరు సరిచేసేది ఏంది?

మూడోదే నాకు అన్నిటికన్నా నమ్మకమైనది. ఒక కాగితం తీసుకుని ఒక్కో తీగకి 3, 7, 12, 19 ఫ్రెట్ల దగ్గర ఎన్ని సెంట్లు తేడా వస్తోందో రాయండి. తప్పు శాడిల్‌దే అయితే తేడా పైకి పోయేకొద్దీ ఒక వరసలో పెరుగుతుంది. 12 దగ్గర 8 సెంట్లుంటే 7 దగ్గర సుమారు 4, 3 దగ్గర ఒకటిన్నర, 19 దగ్గర 16 ఉండాలి. తప్పు నట్‌దైతే ఇందుకు తిరగబడి ఉంటుంది: 1, 2, 3 ఫ్రెట్ల దగ్గరే బాగా షార్ప్, పైకి పోతే తగ్గిపోతుంది. వరసా వాయీ లేకుండా 3 దగ్గర 5, 7 దగ్గర 1, 12 దగ్గర 9, 19 దగ్గర 4 అని చెల్లాచెదురుగా ఉంటే అది పాత తీగ. ఏ స్క్రూ తిప్పినా ఆ చెల్లాచెదురు సర్దుకోదు, ఒక చోట సరిపెడితే ఇంకో చోట పోతుంది.

మీ స్ప్రింగు ఎందుకు నలిగిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. 648 మిల్లీమీటర్ల స్కేలు గిటార్ మీద శాడిల్‌ని ఒక మిల్లీమీటరు జరిపితే 12వ ఫ్రెట్ దగ్గర తేడా మారేది 2.7 సెంట్లే. చాలా దిగుమతి గిటార్లలో ఆ స్క్రూ ఎం3, ఒక చుట్టుకి అర మిల్లీమీటరు. అంటే ఒక పూర్తి చుట్టుకి 1.3 సెంటు. మిగిలిన 7 సెంట్లు పోవాలంటే మీరు ఇంకా రెండున్నర మిల్లీమీటర్లు, అయిదు చుట్లు తిప్పాలి. బ్రిడ్జిలో అంత చోటుండదు. ఆరో శాడిల్ స్ప్రింగుని సగానికి కత్తిరించమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. కొత్త తీగ వేసి, మిగతావన్నీ సరిచేశాక కూడా చోటు చాలకపోతేనే ఆ పని చేయండి.

తీగని తప్పుపట్టే ముందు పికప్‌ని కూడా ఒకసారి చూడండి. సింగిల్ కాయిల్ పికప్ అయస్కాంతాలు తీగకి మరీ దగ్గరగా ఉంటే లాగేస్తాయి. ఆరో తీగ పై ఫ్రెట్ల దగ్గర వణికినట్టు, రెండు స్వరాలు ఒకేసారి మోగినట్టు వినపడుతుంది, ట్యూనర్ ముల్లు నిలవదు. అచ్చం చచ్చిన తీగలాగే ఉంటుంది. చివరి ఫ్రెట్ నొక్కి పట్టి, తీగ అడుగు నుంచి అయస్కాంతం పైకి కొలవండి. మామూలు సింగిల్ కాయిల్‌కి లావు తీగల వైపు 2.4, సన్న తీగల వైపు 2 మిల్లీమీటర్లు ఉంటే చాలు. కొత్త తీగలు వేసినా వణుకు పోకపోతే తప్పు ఇక్కడే.

ఇక మార్చే పని. ముందు మీ ఆరో శాడిల్‌ని తిప్పిన మూడు చుట్లూ ముందుకి తిప్పేయండి. తిప్పే ముందు తీగ వదులు చేయండి. బిగువు మీద తిప్పితే స్క్రూ తల అరిగి ప్లస్ గాడి పోతుంది, అప్పుడు నిజంగానే బ్రిడ్జి మార్చాలి. తీగలు అదే 9-42 వేయండి. మొత్తం సెట్ 10-46కి మారిస్తే బిగువు పెరిగి వెనకాల బ్రిడ్జిని లాగి పట్టే ట్రెమొలో స్ప్రింగుల తూకం మారుతుంది, బ్రిడ్జి ముందుకి లేస్తుంది, నెక్ వంగుతుంది, శాడిళ్ళన్నీ మొదటి నుంచి సెట్ చేసుకోవాలి. ఇప్పుడు ఆ తలనొప్పి ఎందుకు. బ్రిడ్జి బాడీకి ఆనకుండా తేలుతుంటే ఒక్కో తీగ తీసి ఒక్కోటి వేయండి, ఆరూ ఒకేసారి తీయొద్దు. తెగిన తీగ ఒక్కటే మార్చి మిగతా అయిదూ పాతవి ఉంచడం కూడా దండగే. కొత్తది సరిగ్గా పలుకుతుంటే అదే తప్పు పలుకుతున్నట్టు అనిపిస్తుంది.

కీ దగ్గర చుట్టు తీగలకి రెండు చుట్లు, సాదా తీగలకి మూడు చాలు, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా కిందికి దిగాలి. ట్యూన్ చేశాక 12వ ఫ్రెట్ దగ్గర పట్టుకుని రెండు మూడు సెంటీమీటర్లు పైకి మెత్తగా లాగి వదలండి, శ్రుతి దిగుతుంది, మళ్ళా ఎక్కించండి. లాగినా దిగని దాకా నాలుగైదు సార్లు ఇదే పని. ఆ తర్వాత కూడా అరగంట వాయించి అప్పుడు ఇంటొనేషన్ ముట్టుకోండి. సాగుడు తీరని కొత్త తీగ కూడా పాత తీగంత అబద్ధాలకోరే. కీ తిప్పుతుంటే నట్ దగ్గర టింగ్‌మని చప్పుడొస్తే తీగ గాడిలో ఇరుక్కుంటోంది. మెత్తని పెన్సిల్ ముక్కు గాడిలో రుద్దితే జారుతుంది.

ఇంటొనేషన్ ఎప్పుడూ ఆఖరి పని. దానికన్నా ముందు, మొదట నెక్ వంపు, ఆ వెనక తీగల ఎత్తు చూసుకోవాలి. ఈ వరస తప్పితే మొత్తం మళ్ళా చేయాలి. మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగలన్నీ నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, చివరి ఫ్రెట్ నొక్కి, 7, 8 ఫ్రెట్ల దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు కొలవండి. 0.25 మిల్లీమీటరు ఉండాలి. బైక్ మెకానిక్కులు ట్యాపెట్ సెట్ చేసే ఫీలర్ గేజ్ ఇందుకు సరిగ్గా సరిపోతుంది, వేరే కొనక్కర్లేదు. సందు ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ని (నెక్ లోపలి ఇనప కడ్డీని) గడియారం దిక్కుకి పావు చుట్టు తిప్పండి, ఒకసారికి అంతకన్నా వద్దు. ఎండాకాలంలో సెట్ చేసిన నెక్ కార్తీకంలో వాయుగుండాల తడికి అలాగే నిలవదు, కాబట్టి ఏడాదికి రెండుసార్లు ఈ సందు చూసుకోవాలి. తీగల ఎత్తు కాపో తీసి 17వ ఫ్రెట్ దగ్గర కొలవండి, 1.6 మిల్లీమీటర్లు మంచి కొలత. శాడిల్ ఎత్తు స్క్రూలకి చాలా గిటార్లలో 1.5 అలెన్ కీ పడుతుంది. ఎత్తు ఎక్కువుంటే తీగని నొక్కడానికి ఎక్కువ సాగదీయాలి, అందుకని పై ఫ్రెట్లన్నీ షార్ప్ అవుతాయి.

శాడిళ్ళు మొదలుపెట్టే చోటుకి ఫెండర్ వాళ్ళు చెప్పే పద్ధతి బాగుంటుంది. నట్ నుంచి 12వ ఫ్రెట్‌కి 324 మిల్లీమీటర్లు, అందుకు రెట్టింపు 648 దగ్గర మొదటి తీగ శాడిల్ పెట్టండి. రెండో శాడిల్‌ని రెండో తీగ మందమంత వెనక్కి, మూడోదాన్ని మూడో తీగ మందమంత ఇంకా వెనక్కి. నాలుగోది మళ్ళా ముందుకొచ్చి రెండోదానికి సమంగా నిలుస్తుంది. అక్కడి నుంచి అయిదు, ఆరు మళ్ళా మెట్లు మెట్లుగా వెనక్కి. సెట్ అయ్యాక కూడా మీ బ్రిడ్జి ఇలా రెండు మెట్ల వరసల్లాగే కనపడాలి. ఒక శాడిల్ ఒంటరిగా ఎక్కడికో పోయి ఉంటే తీగనో కొలతనో అనుమానించండి.

ఆ తర్వాత గిటార్‌ని వాయించేటప్పుడు పట్టుకున్నట్టే పట్టుకోండి, బల్ల మీద పడుకోబెట్టి చూసిన రీడింగు వేరుగా వస్తుంది. కేబుల్ పెట్టే ట్యూనరైతే మేలు. నెక్ పికప్, టోన్ నాబ్ బాగా తగ్గించి, వాల్యూమ్ పూర్తిగా పెట్టండి, ముల్లు నిలకడగా నిలుస్తుంది. ఓపెన్ సున్నా చేసి, 12వ ఫ్రెట్‌ని మీరు రోజూ నొక్కే బలంతోనే నొక్కి చూడండి. ఎక్కువ చూపిస్తే శాడిల్ వెనక్కి, నట్‌కి దూరంగా. తక్కువ చూపిస్తే ముందుకి. జరిపిన ప్రతిసారీ ఓపెన్‌ని మళ్ళా ట్యూన్ చేయాలి, ఈ ఒక్క మెట్టు దాటేసి గంటలు పోగొట్టుకునేవాళ్ళే ఎక్కువ. ఆరో తీగ 12 దగ్గర ఒకటి రెండు సెంట్ల లోపు వస్తే ఆపేయండి, సున్నా కోసం వెంటాడితే వేలి బరువు మారినప్పుడల్లా అది మారుతూనే ఉంటుంది.

నట్ సంగతి చిన్నదే. తీగని 2, 3 ఫ్రెట్ల మధ్య నొక్కి మొదటి ఫ్రెట్ పైన సందు చూడండి. వెంట్రుకంత సందు ఉండాలి. కాగితం మడత దూరేంత ఉంటే గాడి ఎత్తుగా ఉన్నట్టు. ఆ గాడి లోతు చేసే పని మాత్రం ఆకురాయి చేతిలో తిరిగినవాళ్ళకే ఇవ్వండి, ఎక్కువ దిగితే నట్టే మార్చాలి.

తీగలు ఎన్నాళ్ళకి మార్చాలన్నదానికి మన తీరంలో జవాబు వేరు. మైపాడు నుంచి కొత్తపట్నం దాకా సముద్రానికి దగ్గరున్న ఊళ్ళలో ఉప్పుగాలి, ఉక్క రెండూ కలిసి పనిచేస్తాయి. రోజూ గంట వాయిస్తే నెలన్నర, రెండు నెలలు. ఆదివారం ఒక్కరోజే వాయించేవాళ్ళు కూడా మూడు నెలలు దాటనివ్వొద్దు, ఎందుకంటే వాయించకపోయినా తుప్పు ఆగదు. ఎలిక్సిర్‌లాంటి పూత తీగలు ఖరీదు ఎక్కువే గానీ ఈ గాలికి మూడింతలు నిలుస్తాయి, నా లెక్కలో అవే చవక. కొనేటప్పుడు కాగితం కవర్లో ఏళ్ళ తరబడి షాపులో వేలాడినవి వద్దు. కొత్త ప్యాకెట్లోనే సాదా తీగ మీద గోధుమరంగు చుక్కలుంటే వెనక్కి ఇచ్చేయండి.

వాయించడం అయ్యాక పొడి నూలు గుడ్డతో పైనే కాదు, గుడ్డని తీగ అడుగుకి దూర్చి రెండు వైపులా పట్టుకుని తుడవండి. వేళ్ళు జారడానికి టాల్కం పౌడర్ రాసుకోవడం, తీగలకి కొబ్బరినూనె పూయడం మన దగ్గర చాలా చూస్తాం. పౌడరూ చెమటా కలిసి చుట్టు సందుల్లో సిమెంటులా గడ్డకడతాయి, నూనె దుమ్ముని పట్టుకుంటుంది. తీగల బరువు పెంచడానికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదు. నీళ్ళలో ఉడకబెట్టే చిట్కా బాస్ తీగలకి కొన్నాళ్ళు పనికొస్తుంది, ఎందుకంటే మురికి పోతుంది. ఫ్రెట్ గాట్లు పోవు గనక ఇంటొనేషన్‌కి అది జవాబు కాదు.

ఒక్క విషయం కీబోర్డు వైపు కూడా చూడండి. ట్రాన్స్‌పోజ్ ఎంతున్నా ఇబ్బంది లేదు, కానీ దాని ట్యూనింగ్ 440 హెర్ట్జ్ దగ్గర లేకుండా 442 దగ్గరో ఎక్కడో ఎవరో మార్చి వదిలేసి ఉంటే మీరు 8 సెంట్లు తక్కువ వాయిస్తున్నట్టే. మీ ట్యూనర్ కూడా 440లో ఉందో లేదో చూసుకోండి. ఇంకోటి, డిస్టార్షన్ వేసి పూర్తి మేజర్ కార్డు పట్టితే సరిగ్గా సెట్ అయిన గిటారైనా పుల్లగానే వినపడుతుంది. ఫ్రెట్లలో ఉన్న మేజర్ థర్డ్ సహజ గాంధారం కన్నా 14 సెంట్లు ఎక్కువ. దానికి శాడిల్ తిప్పొద్దు, మధ్యలో ఆ థర్డ్ తీసేసి పవర్ కార్డు పట్టండి.

తీగలు మార్చి అరగంట వాయించాక ఆరో తీగకీ మూడో తీగకీ 3, 7, 12, 19 ఫ్రెట్ల రీడింగులు కింద రాయండి. ఎనిమిది అంకెలు చూస్తే మిగిలింది శాడిలో, నట్టో చెప్పేయొచ్చు.